అడ్రస్ దొరికింది... ఆసామి ఎవరు?

నెట్‌లోకి అడుగుపెట్టిన ప్రతిసారీ ఒక నంబరు మన వెంట వస్తుంది. ఆ నంబరు పట్టుకునే పోలీసులు దొంగ కోసం వెతుకుతారు. ఆ చిరునామాల వ్యవస్థలోని లొసుగులు పట్టుకునే దొంగలు మన ఖాతాల్లోకి చొరబడతారు. ఇంతకీ ఇంటర్నెట్ చిరునామా ఏం చెబుతుంది? ఏం చెప్పదు?

అమెరికాలోని కాన్సస్ రాష్ట్రం. విచిటా నగరం నుంచి గంటసేపు ప్రయాణిస్తే పాట్‌విన్ అనే చిన్న ఊరు వస్తుంది. ఊరు దాటి ఇంకాస్త ముందుకెళ్తే 360 ఎకరాల పొలం, అందులో ఒక ఇల్లు. 2011లో ఓ కుటుంబం ఆ ఇంట్లో అద్దెకు దిగింది. సామాను సర్దుకోకముందే, మొదటి వారంలోనే షెరీఫ్ కార్యాలయం అధికారులు ఇద్దరు వచ్చారు. చోరీకి గురైన ట్రక్కు ఒకటి ఇక్కడుందని సమాచారం వచ్చిందన్నారు. ట్రక్కూ లేదు, దాని ఆనవాలూ లేదు.

అది మొదలు. తర్వాత ఎఫ్‌బీఐ ఏజెంట్లు వచ్చారు. పన్ను ఎగవేతదారుల కోసం ఆదాయపన్ను వాళ్లు వచ్చారు. ఇంట్లోంచి పారిపోయిన పిల్లల్ని వెతుక్కుంటూ పోలీసులు వచ్చారు. ఆత్మహత్య చేసుకోబోతున్న మాజీ సైనికుడిని కాపాడాలంటూ అంబులెన్సులు వచ్చాయి. నెట్‌లో మోసపోయినవాళ్లు నేరుగా వచ్చి తిట్టిపోశారు. ఎవరో విరిగిన టాయిలెట్ తెచ్చి వాకిట్లో పడేసి పోయారు. పొలం యజమానురాలు ఎనభై దాటిన పెద్దావిడ. ఇదంతా ఎందుకు జరుగుతోందో ఆమెకూ తెలియదు, అద్దెకున్నవాళ్లకూ తెలియదు. చివరికి షెరీఫే 'ఇక్కడికి రాకండి, సందేహాలుంటే నన్ను అడగండి' అంటూ దారి మొదట్లో బోర్డు పెట్టాల్సి వచ్చింది.

2016లో కశ్మీర్ హిల్ అనే పాత్రికేయురాలు ఈ చిక్కుముడి విప్పారు. ఏ ఐపీ అడ్రస్ (నెట్‌లో మన వెంట వచ్చే నంబరు) ఏ ప్రాంతానిదో చెప్పే సమాచారాన్ని మాక్స్‌మైండ్ అనే కంపెనీ అమ్ముతుంది. కొన్ని నంబర్ల గురించి 'అమెరికాలో ఉంది' అన్నంత వరకే దానికి తెలుసు. అలాంటివాటన్నిటికీ దేశం నడిబొడ్డు అని చెప్పుకోదగ్గ ఒక చోటును చూపించాలనుకుంది. అసలు కేంద్రబిందువు అక్షాంశ రేఖాంశాల్లో దశాంశాలున్నాయి. వాటిని 38, 97 డిగ్రీలుగా సవరించి పెట్టింది. ఆ రెండు గీతలు కలిసేచోటే ఈ పొలం ఉంది. అలా 60 కోట్లకు పైగా ఐపీ అడ్రస్‌లకు ఆ ఇల్లే చిరునామా అయిపోయింది.

డేటాబేస్ చెప్పింది 'అమెరికాలో ఎక్కడో' అని. చూసినవాళ్లు చదువుకున్నది 'ఈ ఇంట్లోనే' అని. విషయం బయటపడ్డాక కంపెనీ ఆ గుర్తును విచిటాకు పడమరగా ఉన్న ఒక జలాశయం మధ్యకు మార్చింది. బాధితులు కోర్టుకెక్కారు. ఆ తర్వాత రాజీ కుదిరింది.

ఇప్పుడీ చర్చ ఎందుకంటే...

మన దగ్గరా ఈ మధ్య అడ్రస్‌ల గురించే మాటలు నడుస్తున్నాయి. దేశంలోని బ్యాంకులన్నీ 2025 అక్టోబరు 31లోగా తమ వెబ్‌సైట్లను 'డాట్ బ్యాంక్ డాట్ ఇన్' అనే కొత్త చిరునామాకు మార్చుకోవాలని రిజర్వు బ్యాంకు గడువు పెట్టింది. ఆ పేర్లను కేటాయించే బాధ్యతను హైదరాబాద్ మాసబ్‌ట్యాంక్‌లో ఉన్న ఐడీఆర్‌బీటీకి అప్పగించింది. పింఛను పడిందో లేదో చూసుకునే రిటైర్డు మాస్టారికైనా, రోజూ నెట్‌ బ్యాంకింగ్‌తో సరుకు తెప్పించుకునే దుకాణదారుకైనా ఒకటే అనుమానం: ఉన్నట్టుండి అడ్రస్ ఎందుకు మారింది? ఇది అసలుదేనా, మోసగాళ్ల పనా?

అనుమానం రావడం మంచిదే. దానికి జవాబు కావాలంటే ఇంటర్నెట్ చిరునామాలు ఎలా పుట్టాయో, ఎక్కడెక్కడ మోసాలకు దారిచ్చాయో తెలియాలి. నెట్‌లో మనకు కనిపించే అడ్రస్‌కు మూడు అంచెలున్నాయి. మొదటిది పరికరానికి ఇచ్చే నంబరు. రెండోది ఆ నంబరును గుర్తుపెట్టుకోనక్కర్లేకుండా వాడే పేరు. మూడోది అక్కడికి చేర్చే దారి. మూడింటినీ కట్టినప్పుడు వాటిని వాడినవాళ్లు ఒకరినొకరు ఎరిగిన కొద్దిమంది పరిశోధకులు. సమాచారం చేరితే చాలనుకున్నారు. ఎవరు పంపారో రుజువు చూపించే ఏర్పాటు చేయలేదు. ఈ నలభై ఏళ్ల నెట్ భద్రత కథంతా ఆ లోటును పూడ్చుకోవడమే.

429 కోట్లు... ఎటూ చాలవు

ఫోన్‌లోంచి ఒక ఫొటో పంపామనుకోండి. అది ఒకే ముక్కగా వెళ్లదు. వందల చిన్న ముక్కలవుతుంది. వీటినే ప్యాకెట్లంటారు. పోస్టు కవరు మీద ఫ్రమ్, టు అడ్రసులు రాసినట్టే ప్రతి ప్యాకెట్ మీదా రెండు నంబర్లుంటాయి. దారిలోని రౌటర్లు 'టు' నంబరు చూసి ప్యాకెట్‌ను ముందుకు పంపుతాయి. 'ఫ్రమ్' నంబరు నిజమో కాదో చూసే పని వాటికి ఎవరూ అప్పగించలేదు. తప్పుడు ఫ్రమ్ అడ్రసు రాసిన ఉత్తరాన్ని కూడా పోస్ట్‌మ్యాన్ అందజేస్తాడు కదా! తాము ఇవ్వని నంబరుతో బయల్దేరే ప్యాకెట్లను ఇంటర్నెట్ సంస్థలు తమ గుమ్మంలోనే ఆపేయాలని ఇంజినీర్లు 2000లో సిఫార్సు చేశారు. పాటించని సంస్థలు ఇప్పటికీ ఉన్నాయి. దొంగ నంబర్లతో వెబ్‌సైట్ల మీద ప్యాకెట్ల వర్షం కురిపించే దాడులకు అవే ఊతం.

1981లో ఖరారైన ఐపీవీ4 పద్ధతిలో ఒక్కో నంబరుకు 32 బిట్లు. లెక్కేస్తే మొత్తం 429 కోట్ల అడ్రస్‌లు. అప్పటి ప్రపంచ జనాభా సుమారు 450 కోట్లు. కంప్యూటరు అంటే విశ్వవిద్యాలయాల్లో, సైనిక ప్రయోగశాలల్లో మాత్రమే కనిపించే కాలమది. ఒక ప్రయోగానికి ఇన్ని చాలనుకున్నామని రూపకర్తల్లో ఒకరైన వింట్ సెర్ఫ్ తర్వాత చాలాసార్లు చెప్పారు. ఆ ప్రయోగమే లోకమంతా పాకింది. మొదట్లో పంపకం కూడా ధారాళంగా జరిగింది. మసాచుసెట్స్‌లోని ఎంఐటీ ఒక్కదానికే 1.67 కోట్ల నంబర్లు దక్కాయి. మొత్తం నంబర్లలో మూడో వంతుకు పైగా అమెరికా చేతిలోనే ఉన్నాయి. ఆలస్యంగా వచ్చిన భారత్ వాటా వందలో ఒకటీ అరా.

ఈ కొరతను గట్టెక్కించడానికి పుట్టిందే నంబర్ల పంచుకోలు. మీ ఇంటి వైఫై రౌటరు ఫోన్లకు, టీవీకి 192.168తో మొదలయ్యే నంబర్లిస్తుంది. అవి ఇంటి గడప దాటితే చెల్లవు. పక్కింట్లోనూ అవే నంబర్లుంటాయి. బయటి ప్రపంచానికి మాత్రం ఇంటిల్లిపాదికీ కలిపి ఒకటే నంబరు కనిపిస్తుంది. మొబైల్ కంపెనీలు ఇంకో అడుగు ముందుకేశాయి. ఒకే నంబరును ఒకే సమయంలో వందలమంది ఖాతాదారులకు పంచుతాయి. దర్యాప్తుల్లో చిక్కుముడి పడేది ఇక్కడే.

అసలైన పరిష్కారం ఐపీవీ6. ఇందులో నంబరుకు 128 బిట్లు. మొత్తం ఎన్నంటే 34 పక్కన 37 సున్నాలు! 2012 జూన్ 6 నుంచి ప్రపంచ స్థాయిలో అధికారికంగా అమల్లోకి తెచ్చారు. ఈ విషయంలో మన దేశం ముందు వరసలో ఉంది. 2016లో జియో 4జీతో మొదలైన ఊపుతో ఇవాళ దేశంలో సగానికి పైగా నెట్ వాడకం దీని మీదే సాగుతోంది.

■ నంబర్లు పంచేదెవరు?

* మొదట్లో నంబర్ల పట్టిక చూసింది ఒకే ఒక్కరు: కాలిఫోర్నియాకు చెందిన జాన్ పోస్టెల్. 1998లో ఆయన చనిపోయే నాటికి ఆ బాధ్యత ఐకాన్ సంస్థ చేతికి వస్తోంది.
* ఇప్పుడు ప్రపంచాన్ని అయిదు ప్రాంతాలుగా విడగొట్టి అయిదు సంస్థలు పంచుతున్నాయి. మనకు వర్తించేది ఆస్ట్రేలియాలోని బ్రిస్బేన్ కేంద్రంగా పనిచేసే ఏపీనిక్.
* దేశంలో ఈ పని చూసేది నిక్సీ ఆధ్వర్యంలోని ఐఆర్‌ఐఎన్‌ఎన్.
* కేంద్ర నిల్వలో మిగిలిన చివరి అయిదు పెద్ద బ్లాకులను 2011 ఫిబ్రవరి 3న ఆ అయిదు సంస్థలకు తలా ఒకటి ఇచ్చేశారు. అక్కడితో ఐపీవీ4 గాదె ఖాళీ.
* ఈ వ్యవస్థపై అమెరికా ప్రభుత్వ పర్యవేక్షణ 2016 అక్టోబరు 1న ముగిసింది. ఆ తర్వాత ఐకాన్ తొలి సమావేశం జరిగింది హైదరాబాద్‌లోనే, అదే ఏడాది నవంబరు 3 నుంచి 9 వరకు.

యాభై రోజుల జైలు

2007 ఆగస్టు చివర్లో బెంగళూరులో ఒక సాఫ్ట్‌వేర్ ఇంజినీరును పుణె పోలీసులు అరెస్టు చేశారు. అప్పటి సామాజిక మాధ్యమం ఆర్కుట్‌లో ఛత్రపతి శివాజీని కించపరిచే చిత్రం పెట్టాడన్నది అభియోగం. ఆధారం ఒక్కటే: ఐపీ అడ్రస్. ఫలానా సమయంలో ఆ నంబరు ఎవరిదని పోలీసులు అడిగితే టెలికాం కంపెనీ ఆ యువకుడి వివరాలిచ్చింది. ఆ వివరాలు తప్పు. అతను ఏ పాపమూ ఎరుగడు. అసలు నిందితులు వేరే ఉన్నారని తేలినా బయటపడటానికి సమయం పట్టింది. మొత్తం యాభై రోజులు జైల్లో గడిపాడు. కన్నవాళ్లు, ఇరుగుపొరుగు, పనిచేసే చోట తోటివాళ్లు... ఎందరి ముందు తలదించుకోవాల్సి వచ్చిందో ఊహించుకుంటేనే మనసు కలుక్కుమంటుంది.

ఇలాంటి పొరపాటుకు ఎన్ని దారులున్నాయో చూడండి. టెలికాం కంపెనీ ఇవాళ మీకిచ్చిన నంబరు రేపు ఇంకొకరికి ఇస్తుంది. అందుకే నంబరుతో పాటు తేదీ, గంట, నిమిషం, సెకను కూడా కచ్చితంగా ఉండాలి. విదేశీ కంపెనీల రికార్డులు చాలావరకు అంతర్జాతీయ ప్రామాణిక సమయంలో ఉంటాయి. అది మనకంటే అయిదున్నర గంటలు వెనక. రికార్డులో సాయంత్రం 6.45 అని ఉంటే మన లెక్కలో అర్ధరాత్రి దాటి 12.15, అంటే మరుసటి రోజు. ఆ తేడా చూసుకోకపోయినా, ఉదయం రాత్రి తారుమారైనా పోలీసు జీపు వేరే ఇంటి ముందు ఆగుతుంది.

నంబరును వందలమంది పంచుకుంటున్న చోట సమయం ఒక్కటీ చాలదు. పోర్టు నంబరనే ఇంకో అంకె కూడా కావాలి. అది ఉంటేనే ఆ వందలమందిలో ఎవరో తేలుతుంది. చాలా వెబ్‌సైట్లు ఆ అంకెను భద్రపరచవు. ఈ పంచుకోలు పద్ధతి వల్ల నేరస్తులు జారిపోతున్నారని, నిర్దోషులూ దర్యాప్తు పరిధిలోకి వస్తున్నారని ఐరోపా పోలీసు సంస్థ యూరోపోల్ 2017లో గట్టిగా హెచ్చరించింది.

మన దేశంలో కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రత సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాలు ఈ దిశలో ఒక మెట్టు. కంపెనీలు లాగ్‌లను 180 రోజులు భద్రపరచాలి. కంప్యూటర్ గడియారాలన్నిటినీ జాతీయ ప్రామాణిక సమయంతో సరిచూసుకోవాలి. గడియారం గురించి ఆదేశం చిన్న విషయంగా కనిపించవచ్చు. ఒక మనిషి స్వేచ్ఛ కొన్ని సెకన్ల తేడా మీద ఆధారపడినప్పుడు అది చిన్నది కాదు.

పేరు ఒకటి, చేరేది ఇంకొకటి

నంబర్లు గుర్తుండవు కాబట్టి పేర్లు పెట్టుకున్నాం. తొలినాళ్లలో ఏ పేరుకు ఏ నంబరన్నది ఒకే ఒక్క ఫైలులో ఉండేది. కాలిఫోర్నియాలోని ఎస్‌ఆర్‌ఐ సంస్థలో ఎలిజబెత్ ఫైన్లర్ బృందం దాన్ని నిర్వహించేది. కంప్యూటర్లు పెరిగేకొద్దీ ఆ ఫైలు అలివిమాలిపోయింది. 1983లో పాల్ మొకపెట్రిస్ డీఎన్ఎస్ అనే కొత్త పద్ధతిని రూపొందించారు. ఇవాళ మనం ఏ వెబ్‌సైట్ పేరు కొట్టినా, లేదా యాప్ తెరిచినా, ముందు జరిగేది డీఎన్ఎస్ సర్వర్‌ను నంబరు అడగడమే. అది ఏ నంబరు చెబితే అక్కడికే వెళ్తాం. ఆ సమాధానాన్నే మార్చేయగలిగితే?

మార్చారు కూడా. ఎస్టోనియాకు చెందిన ఒక ముఠా డీఎన్ఎస్ చేంజర్ అనే మాల్‌వేర్‌తో వందకు పైగా దేశాల్లో సుమారు 40 లక్షల కంప్యూటర్లను తమ సొంత సర్వర్ల వైపు తిప్పుకుంది. ఒక చోటుకని బయల్దేరిన జనం ఇంకో చోట తేలారు. ప్రకటనల మీద ముఠా సుమారు కోటీ 40 లక్షల డాలర్లు వెనకేసింది. 2011 నవంబరులో ఎస్టోనియాలో ఆరుగురిని అరెస్టు చేశారు. అప్పుడు ఇంకో సమస్య. ఆ దొంగ సర్వర్లను ఒక్కసారిగా ఆపేస్తే లక్షలమందికి నెట్టే ఆగిపోతుంది. అందుకని కోర్టు అనుమతితో వాటి స్థానంలో మంచి సర్వర్లు పెట్టి 2012 జులై 9 వరకు నడిపించారు.

బ్రెజిల్‌లో జరిగింది ఇంకా భయంకరం. 2016 అక్టోబరు 22న దుండగులు ఒక బ్యాంకుకు చెందిన 36 డొమైన్ల రికార్డులను మార్చేశారు. కొన్ని గంటల పాటు ఆ బ్యాంకు అసలు పేరు కొట్టినవాళ్లందరూ నకిలీ సైటుకే చేరారు. పేరులో తప్పు లేదు. బ్రౌజర్‌లో అడ్రస్ పక్కన తాళం బొమ్మ కూడా కనిపించింది, ఎందుకంటే దుండగులు సక్రమమైన సర్టిఫికెట్లే సంపాదించారు. తాళం బొమ్మ ఉంటే సైటు మంచిదన్న నమ్మకం మనలో చాలామందికుంది. మనకూ ఆ సైటుకూ మధ్య సాగే మాటలను మూడో మనిషి వినలేడని మాత్రమే దాని అర్థం. అవతల ఉన్నవాడు మంచివాడని కాదు. ఈ అపోహ పోవాలనే గూగుల్ 2023లో క్రోమ్ బ్రౌజర్ నుంచి ఆ బొమ్మను తీసేసింది.

ఈ కథలో ఒక మంచి మనిషిని తలచుకోవాలి. 2008లో డాన్ కమిన్‌స్కీ అనే అమెరికన్ పరిశోధకుడు డీఎన్ఎస్‌లో ఒక లోపాన్ని కనిపెట్టారు. సమాధానం అసలు సర్వర్ నుంచే వచ్చిందని సరిచూసుకోవడానికి వాడే సంఖ్యకు 65,536 విలువలే ఉన్నాయి. వాటిని కొద్దిసేపట్లోనే ఊహించి, దొంగ సమాధానాన్ని చొప్పించే దారి ఆయనకు దొరికింది. అమ్ముకుంటే కోట్లు వచ్చేవి. ఆయన రహస్యంగా కంపెనీలన్నిటినీ కూడగట్టారు. 2008 జులై 8న అందరూ ఒకేరోజు మరమ్మతు విడుదల చేశారు. 2021లో 42 ఏళ్లకే ఆయన కన్నుమూశారు. ఆయన బయటపెట్టిన ప్రమాదమే డీఎన్ఎస్ సమాధానాలకు డిజిటల్ సంతకం జోడించే పద్ధతికి వేగం తెచ్చింది. 2010 జులై 15న ఆ వ్యవస్థలోని మూల పట్టిక మీద తొలి సంతకం పడింది.

దారి మళ్లింపు

పేరూ నిజమే, నంబరూ నిజమే అయినా దారి తప్పవచ్చు. ప్రపంచంలో వేల నెట్‌వర్క్‌లు ఒకదానికొకటి 'ఈ నంబర్లకు దారి నా దగ్గరుంది' అని చెప్పుకుంటాయి. ఆ మాటల మీదే ప్యాకెట్లు నడుస్తాయి. ఈ పద్ధతి పేరు బీజీపీ. అబద్ధం చెప్పినా, పొరపాటున చెప్పినా వినేవాళ్లు నమ్మేస్తారు.

2008 ఫిబ్రవరిలో పాకిస్తాన్ ప్రభుత్వం తమ దేశంలో యూట్యూబ్‌ను ఆపాలని ఆదేశించింది. 24న పాకిస్తాన్ టెలికాం తన నెట్‌వర్క్ లోపల ఒక తప్పుడు దారి ప్రకటించింది. అది హాంకాంగ్‌కు చెందిన కంపెనీ ద్వారా ప్రపంచమంతా పొక్కింది. యూట్యూబ్ తన నంబర్లను 1,024 నంబర్ల బ్లాకుగా ప్రకటిస్తే, పాకిస్తాన్ టెలికాం అందులోంచి 256 నంబర్ల చిన్న బ్లాకు తనదంది. చిన్న బ్లాకు చెప్పినవాడికే ప్రాధాన్యం అన్నది బీజీపీ సూత్రం. సుమారు రెండు గంటల పాటు లోకంలో చాలామందికి యూట్యూబ్ అందలేదు.

పదేళ్ల తర్వాత అదే కిటుకును దొంగలు డబ్బు కోసం వాడారు. 2018 ఏప్రిల్ 24న అమెజాన్ డీఎన్ఎస్ సర్వర్లకు వెళ్లాల్సిన ప్యాకెట్లను దారి మళ్లించి, మైఈథర్‌వాలెట్ అనే క్రిప్టో సైటు వాడకందార్లను నకిలీ సైటుకు చేర్చారు. రెండు గంటల్లో సుమారు లక్షన్నర డాలర్ల విలువైన ఈథర్ కాజేశారు. ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. బ్రౌజర్ ఊరుకోలేదు. సర్టిఫికెట్ సరిగా లేదని హెచ్చరించింది. దాన్ని పట్టించుకోకుండా 'ముందుకు' అని నొక్కినవాళ్లే నష్టపోయారు.

2021 అక్టోబరు 4 రాత్రి ఫేస్‌బుక్, వాట్సాప్, ఇన్‌స్టాగ్రామ్ ఆరు గంటల పాటు మూగబోయింది మనకింకా గుర్తే. అది దాడి కాదు. ఆ కంపెనీ సొంత మరమ్మతు ఆదేశం ఒకటి వికటించి, తమ డీఎన్ఎస్ సర్వర్లకు దారి చెప్పే ప్రకటనలు ఆగిపోయాయి. సర్వర్లు పాడవకపోయినా దారి చెప్పేవాళ్లు లేక ఎవరూ చేరలేకపోయారు. దుబాయ్‌లో ఉన్న కొడుకుతో రోజూ వాట్సాప్‌లోనే మాట్లాడే తల్లికి ఆ రాత్రి ఎంత కంగారు పుట్టి ఉంటుందో!

దీనికీ మందు దొరికింది. ఏ నంబర్లకు దారి చెప్పే హక్కు ఎవరికుందో తెలిపే డిజిటల్ పత్రాల వ్యవస్థ ఆర్‌పీకేఐ. ఇలాంటి పత్రాలున్న ఐపీవీ4 దారులు 2024లో సగం దాటాయి. మిగతావి ఇప్పటికీ మాట మీదే నడుస్తున్నాయి.

గోడ మీది కెమెరా కూడా సైనికుడే

అడ్రస్ ఉన్న ప్రతి వస్తువునూ ఎవరో ఒకరు తడిమి చూస్తూనే ఉంటారు. ఐపీవీ4 నంబర్లన్నిటినీ ఒక్క కంప్యూటర్‌తో ముప్పావు గంటలో తట్టి రావచ్చని మిషిగన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2013లోనే చూపించారు. మంచివాళ్లకు సాధ్యమైనది చెడ్డవాళ్లకూ సాధ్యమే.

2016లో ముగ్గురు అమెరికన్ కుర్రాళ్లు మిరాయ్ అనే మాల్‌వేర్ రాశారు. మైన్‌క్రాఫ్ట్ ఆట నడిపే సర్వర్లను పడగొట్టి లాభపడటం వాళ్ల ఉద్దేశం. మిరాయ్ చేసిన పని చాలా చిన్నది. ఎదురైన నంబరునల్లా తట్టి, కంపెనీ పెట్టిన పాత యూజర్ నేమ్, పాస్‌వర్డ్ జోడీలు అరవై చిల్లర వరుసగా ప్రయత్నించడం. సీసీ కెమెరాలు, వీడియో రికార్డర్లు, ఇంటి రౌటర్లు... ఒక దశలో ఆరు లక్షల పరికరాలు దాని అదుపులోకి వచ్చాయి. దాని కోడ్ బయటికి పొక్కాక, అదే ఏడాది అక్టోబరు 21న డీఎన్ఎస్ సేవలందించే డైన్ అనే కంపెనీ మీద దాడి జరిగింది. ట్విటర్, నెట్‌ఫ్లిక్స్ లాంటి పెద్ద పెద్ద సైట్లు గంటల తరబడి చాలామందికి అందలేదు.

ఇవాళ మన అపార్టుమెంట్లలో, కాలనీల్లో, పొలం దగ్గరి మోటారు షెడ్లలో కూడా కెమెరాలు వచ్చాయి. బిగించినవాళ్లు పెట్టి వెళ్లిన పాస్‌వర్డే చాలాచోట్ల ఏళ్ల తరబడి ఉండిపోతోంది. కాపలాకని పెట్టుకున్న కెమెరా మనకు తెలియకుండానే ఎవరి మీదో దాడికి దిగుతుంది. ఐపీవీ6లో నంబర్లు లెక్కకు మించినవి కాబట్టి గుడ్డిగా తట్టి చూడటం కుదరదు. అలాగని నిశ్చింతగా ఉండలేం. ఇంటి రౌటరు ఇన్నాళ్లూ నంబర్లను దాచి అడ్డుపడేది. ఐపీవీ6లో ప్రతి పరికరానికీ సొంత నంబరుంటుంది కనుక రౌటర్‌లోని ఫైర్‌వాల్ పనిచేస్తోందో లేదో చూసుకోవాల్సింది మనమే.

■ ఇంట్లో ఈ పనులు చేసుకోండి

* వైఫై రౌటరు, కెమెరాల పాస్‌వర్డ్‌లు వెంటనే మార్చండి. వైఫై పాస్‌వర్డ్ వేరు, రౌటర్ సెట్టింగులు తెరిచే పాస్‌వర్డ్ వేరు. రెండూ మార్చాలి.
* ఫోన్, రౌటర్ అప్‌డేట్లను వాయిదా వేయకండి.
* బ్రౌజర్ 'సర్టిఫికెట్ సరిగా లేదు' అంటే అక్కడితో ఆగిపోండి.
* ముక్కూమొహం తెలియనివాళ్లకు మీ వైఫై ఇవ్వకండి. వాళ్లేం చేసినా ముందు కనిపించేది మీ నంబరే.
* మోసపోతే క్షణం ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేయండి. మెసేజ్, లింకు, సమయం అన్నీ స్క్రీన్‌షాట్ తీసి ఉంచండి.

హైదరాబాద్ చేతిలో తాళంచెవి

ఇప్పుడు 'డాట్ బ్యాంక్ డాట్ ఇన్' దగ్గరికొద్దాం. డాట్ కామ్ పేరును ఎవరైనా కొన్ని వందల రూపాయలకు కొనుక్కోవచ్చు. బ్యాంకు పేరులో ఒక అక్షరం అటూఇటూ చేసి, వెనక 'ఆన్‌లైన్' అనో 'కేవైసీ' అనో తగిలించి నకిలీ సైటు పెట్టడం మోసగాళ్లకు ఇన్నాళ్లూ పూటలో పని. 'డాట్ బ్యాంక్ డాట్ ఇన్' పేర్లలో ఆ దారి మూసుకుంటుంది. ఈ పేర్లకు ఐడీఆర్‌బీటీ ఒక్కటే రిజిస్ట్రార్. 1996లో రిజర్వు బ్యాంకు నెలకొల్పిన ఈ సంస్థ అడిగింది బ్యాంకే అని నిర్ధారించుకున్నాకే పేరు ఇస్తుంది. స్టేట్ బ్యాంకు ఇప్పుడు ఎస్‌బీఐ డాట్ బ్యాంక్ డాట్ ఇన్. ఇన్నేళ్లుగా లేని రుజువు పేరులోనే వచ్చి చేరింది.

ఇది అన్ని రోగాలకూ మందు కాదని కూడా చెప్పుకోవాలి. వాట్సాప్‌లో చలానా పేరుతో వచ్చే ఏపీకే ఫైలును ఇన్‌స్టాల్ చేసుకుంటే ఏ అడ్రస్సూ కాపాడదు. 'డిజిటల్ అరెస్ట్' అని బెదిరించే ఫోన్ కాల్‌కు వెబ్‌సైటే అక్కర్లేదు. పైగా కొత్త పేరు చదవడం రాకపోతే మోసగాడు దాన్నే ఎరగా వాడతాడు. కాబట్టి చదవడం నేర్చుకోవాలి.

■ వెబ్ అడ్రస్ చదివే తీరు

* మొదట్లో వచ్చే రెండు ఏటవాలు గీతలను (//) వదిలేసి, తర్వాత వచ్చే మొదటి ఒంటి ఏటవాలు గీత (/) దగ్గర ఆగండి. అక్కడి నుంచి వెనక్కి, అంటే ఎడమవైపు చదవండి. అసలు యజమాని పేరు అక్కడే ఉంటుంది.
* 'ఎస్‌బీఐ డాట్ బ్యాంక్ డాట్ ఇన్' దగ్గర పేరు పూర్తయితే అది బ్యాంకు. 'ఎస్‌బీఐ డాట్ బ్యాంక్ డాట్ ఇన్ డాట్ ఫలానా డాట్ కామ్' అని ఉంటే దాని యజమాని ఫలానా డాట్ కామ్.
* ఒకేలా కనిపించే అక్షరాలతో జాగ్రత్త. సిరిలిక్ (రష్యన్ భాష రాసే) లిపి అక్షరాలతో అచ్చం ఆపిల్ కంపెనీ పేరులా కనిపించే డొమైన్‌ను 2017లో ఒక పరిశోధకుడు నమోదు చేసి చూపించారు.
* తెలుగులో కూడా 'డాట్ భారత్' పేర్లున్నాయి. తెలుగు, కన్నడ లిపుల్లో చాలా అక్షరాలు ఒకేలా ఉంటాయి కాబట్టి, మూల పట్టికలో ఒకే పోలిక ఉన్న పేర్లు వేర్వేరు వ్యక్తుల చేతికి వెళ్లకుండా భాషా నిపుణులు, ఇంజినీర్లు కలిసి నిబంధనలు రాశారు.

రుజువు అడుగుదాం

ఈ ఉదంతాల్లో చాలావాటిలో ఒక్కటే పొరపాటు మళ్లీ మళ్లీ కనిపిస్తుంది. ప్యాకెట్ ఎక్కడికి చేరాలో చెప్పడానికి పుట్టిన చిరునామాను, అవతల ఉన్నది ఎవరో చెప్పే సాక్ష్యంగా తీసుకోవడం. కాన్సస్ పొలానికి, బెంగళూరు యువకుడికి కష్టం తెచ్చింది అదే. బ్రెజిల్ బ్యాంకు ఖాతాదారులను ముంచిందీ అదే. ఒకచోట పోలీసులు నమ్మారు, ఇంకోచోట జనం నమ్మారు.

అందుకే కొన్ని మార్పులు గట్టిగా అడగాలి. ఐపీ అడ్రస్ ఒక్కటే చూపించి ఎవరినీ అరెస్టు చేయకూడదు. అది దర్యాప్తుకు మొదటి మెట్టు మాత్రమేనని ప్రతి పోలీసు స్టేషన్‌లో శిక్షణ ఇవ్వాలి. సమయం, పోర్టు నంబరు, పరికరం, డబ్బు వెళ్లిన దారి... వీటిలో ఇంకేదైనా దానికి తోడు రావాలి. తప్పుడు వివరాలిచ్చిన టెలికాం కంపెనీ బాధితుడికి జవాబుదారీ కావాలి. నెట్ సేవల సంస్థలు దొంగ ఫ్రమ్ నంబర్లను ఆపుతున్నాయా, తమ దారులకు ఆర్‌పీకేఐ పత్రాలు తీసుకున్నాయా అన్నది వాడకందారుకు తెలిసేలా ప్రకటించాలి. కెమెరా అమ్మే దుకాణదారు పాస్‌వర్డ్ మార్పించాకే బిల్లు ఇవ్వాలి.

బడిలో లేఖారచన పాఠంలో పిల్లలకు కవరు మీద చిరునామా ఎలా రాయాలో ఇప్పటికీ నేర్పిస్తున్నాం. గీత గీసి, ఊరు, మండలం, జిల్లా, పిన్‌కోడ్ రాయించి, తప్పితే మార్కులు కోస్తున్నాం. ఆ పక్క పేజీలోనే వెబ్ చిరునామా ఎలా చదవాలో కూడా నేర్పాలి. ఆ పిల్లలు ఇంటికెళ్లి అమ్మకు, తాతయ్యకు చెబుతారు. ఏ ప్రకటనా చేయలేని పని అప్పుడు జరుగుతుంది.